పలికే బండ

జంగప్ప బండను వేలి కణుపుతో కొట్టి దాని అంచుకు చెంప ఆనించాడు. ఖంగుమన్న మోత దవడ ఎముకలోకి పాకి, చెవి వెనక ఎక్కడో సన్నగా ఆగిపోయింది. పలికింది. దాన్ని కుడివైపు వరుసలో నిలబెట్టి పక్కదాన్ని కొట్టాడు. అది తడి గోనెసంచిని కొట్టినట్టు డుబ్బుమంది. దాన్ని ఎడమవైపుకు నెట్టాడు.

తాండూరు పాలిష్ ఫ్యాక్టరీల్లో ఇది పాత పద్ధతే. గని నుంచి వచ్చిన బండను కొట్టి చూస్తారు. మోగితే లోపల పొర విడవకుండా ఒక్క తునకగా ఉందని లెక్క. దాన్ని పలికే బండ అంటారు. మోగకపోతే లోపలెక్కడో పొర వదులైందని, ఎప్పుడో ఒకప్పుడు విడిపోతుందని లెక్క. అది మూగ బండ. పలికేది నట్టింట్లోకి పోతుంది, మూగది మురికి కాలువ మీదికి పోతుంది. మనుషుల విషయంలోనూ లోకం దాదాపు ఇలాగే చేస్తుంది గానీ, అక్కడ మోగేవాళ్లంతా గట్టివాళ్లు కారు.

మిగతావాళ్లు మోతను అరచేత్తో పట్టుకుంటారు. జంగప్పకు చెంపే దిక్కు. పడుచుతనం నుంచి పాలిష్ మిషను పట్టుకున్న వేళ్లు అతనివి. చలికాలం పొద్దున సుద్దముక్కల్లా తెల్లబడిపోతాయి. వేడి గిన్నె ముట్టుకుంటే తోలు ఊడాక గానీ కాలిన సంగతి తెలియదు. వేళ్లకు తెలివి పోయింది కానీ వణుకు మాత్రం పోలేదు. మిషను ఆపేసినా చేతుల్లో మిషను ఆగదు. అన్నం కలుపుతుంటే మెతుకులు కంచం బయట పడతాయి. గేటు దగ్గర టీ అమ్మే సంతోషమ్మ అతనికి గ్లాసు సగమే పోస్తుంది, తాగాక మిగతా సగం పోస్తుంది. ఎందుకని అతను అడగలేదు, ఆమె చెప్పలేదు.

భార్య నాగవ్వ బతికి ఉన్నన్నాళ్లూ ఆ చేతులకు ఒక మందు ఉండేది. పడుకున్నాక వాటిని లాక్కుని తన చెంప కింద పెట్టుకునేది. "నీ మిషన్ బందువెట్టు, నాకు నిద్ర రావాలె" అనేది. తల బరువుకో, ఆ మాటకో, కాసేపటికి చేతులు కుదుటపడేవి. ఇదే ఫ్యాక్టరీలో ఆమె కూడా నెత్తిన బండలు మోసింది. పోయినేడు వానలకు ముందు జ్వరం వచ్చి చనిపోయింది. అప్పటి నుంచి జంగప్ప చేతులు నిద్రలో కూడా ఆడుతూనే ఉన్నాయి.

రేపు ఆదివారంతో ఆమె పోయి ఏడాది. చర్చి అయిపోయాక పాస్టరు, సంఘంవాళ్లు సమాధి దగ్గరికి వచ్చి జ్ఞాపకార్థ ప్రార్థన చేస్తారు. ఆలోగా సమాధి మీద బండ పడాలి. పోయినేడు పచ్చి మట్టి మీదే వానలు కొట్టి సమాధి గుంటలా కుంగింది. ఒక మూల కుక్కలు తోడాయి. గొర్రెల మందలు దాని మీదుగానే నడిచిపోయాయి. జంగప్ప మట్టి ఎగదోసి ముళ్లకంప కప్పి వచ్చాడు. ఇంకో వానాకాలం ఆమెను అలా వదిలేస్తే తాను మనిషినే కానని అనుకున్నాడు.

చలికాలంలో వచ్చిన ఒక లోడులో అతనికి కావలసిన బండ దొరికింది. బెత్తెడు మందం, మనిషి పొడవు, నీలి రంగు. కొడితే చర్చి గంటలా మోగింది. నాగవ్వ పాటగత్తె. ధారూరు క్రైస్తవ జాతరలో తాళాలు పట్టుకుని ఆమె పాట ఎత్తుకుంటే పక్క గుడారాలవాళ్లు కూడా వచ్చి కూర్చునేవాళ్లు. రేపు అందరూ సమాధి చుట్టూ నిలబడి పాడితే ఆ పాట బండలోంచి కిందికి, ఆమె దాకా దిగాలని జంగప్ప కోరిక. ఇలాంటివి పైకి చెప్తే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు. ఫ్యాక్టరీ సేటు చంద్రకాంత్‌ను బండ అడిగితే, "తీస్కపో, నాగవ్వ మన మనిషే గదా" అన్నాడు. అప్పటి నుంచి పని దిగాక రోజూ కొంచెం కొంచెం దాన్ని చేత్తోనే రుద్దాడు. నాగవ్వకు మిషను చప్పుడు పడదు కాబట్టి మిషను పెట్టలేదు. ఇప్పుడది పంపు గది వెనక గోనెసంచులు కప్పుకుని నిలబడి ఉంది. సాయంత్రం మల్లేశ్ ట్రాలీ ఆటోలో తీసుకుపోవాలి.

పూడూరులో ఉంటున్న కూతురు రెబెక్క పొద్దున్నే ఫోన్ చేసింది.

"నాయినా, బండ తెచ్చినవా?"

"సాయంత్రం తెస్త బిడ్డా. నువ్వు తెల్లరంగు డబ్బ తే. సిలువ గియ్యాలె."

"రంగు తీస్కున్న. నువ్వు బండ మర్వకు."

"దాన్ని మరుస్తనా?"

ఫోన్ జేబులో పెట్టుకుని అతను ఇంకో బండ కొట్టేలోపు చంద్రకాంత్ బైకు దిగాడు. చంద్రకాంత్ చెడ్డవాడు కాడు. చెడ్డవాడైతే జంగప్పను ఎప్పుడో పనిలోంచి తీసేసి ఉండేవాడు. చేతులు చెడి, ఊపిరితిత్తుల నిండా దుమ్ము చేరి, దగ్గు తప్ప ఏమీ మిగలని మనిషిని బండలు ఏరే పనిలో ఉంచుకున్నాడు. ఆ సంగతి రోజుకొకసారి గుర్తు చేస్తాడు, అంతే.

"జంగప్పా, వికారాబాద్ గుట్టల కాడ ఒక మేడం ఫాంహౌస్ కట్టింది. పాటలు వినేతందుకే ఒక రూమంట. నిలువెత్తు స్పీకర్లంట. అవి మోగితే కిందున్న బండలన్ని అదుర్తున్నయంట. ఒక్కో స్పీకర్ కింద ఒక్క మందం బండ ఏస్తదంట. అది జర గూడ అదరొద్దంట. ఇయ్యాల్నే గావాలె."

అంత మందం బండ యార్డులో ఒకటే కనిపించింది. సంతోషమ్మ పొయ్యి పక్కన జనం కూర్చోవడానికి వేసి ఉంది. చంద్రకాంత్ దాన్ని చెప్పుతో తట్టాడు.

"గిది కోసి రెండు చేస్తే సరిపోదా? ఏ రాయైతేంది పండ్లూడగొట్టుకోనీకె."

ఇక్కడ జంగప్ప 'సరిపోతది సేటు' అని ఉంటే సరిపోయేది. కానీ పని నేర్చిన నోరు మనిషి కంటే ముందు లేస్తుంది.

"గది మూగది సేటు. లోపట పొరలు వదులున్నయి. అంత పెద్ద స్పీకర్ల దెబ్బకు కచ్చితంగ అదుర్తది. ఇస్తే మన ఇజ్జత్ పోతది."

"మరి పలికేది ఏది?"

జంగప్ప కళ్లు పంపు గది వైపు పోయి వెంటనే వెనక్కి వచ్చాయి. వ్యాపారం చేసేవాడికి ఆ మాత్రం చాలు. చంద్రకాంత్ నడుచుకుంటూ వెళ్లి గోనెసంచులు లాగేశాడు.

"సేటూ, గది నాగవ్వది."

"ఎరికెనే. వచ్చే వారం గనిలకెంచి దీని అబ్బలాంటిది వస్తది. నేనే దగ్గరుండి ఏపిస్త."

"రేపే ప్రార్థన ఉన్నది సేటూ."

"చేస్కోండ్రి, వద్దన్ననా? బండ ఎనక ఏస్కోండ్రి. నాగవ్వకు తొందరేముందే, యాడికన్న పోతదా?"

అని నవ్వి భుజం తట్టాడు. సేటు నవ్వాడు కాబట్టి చుట్టూ ఉన్నవాళ్లు కూడా కొంచెం నవ్వారు. జంగప్ప మూతి కూడా నవ్వినట్టు వంకర పోయింది. ఆ నవ్వు ఆ తర్వాత రోజంతా అతనికి నోట్లో చేదుగా తగులుతూనే ఉంది.

కోసింది కూడా అతనే. ఇంకొకరి చేతికి ఇవ్వబుద్ధి కాలేదు. మిషను బ్లేడు మీద నీళ్లు పడుతున్నాయి, బూడిద రంగు బురద కాళ్ల మీదికి చిమ్ముతోంది, బండ కీచుమని అరుస్తోంది. సగానికి వచ్చాక ఆపి, కళ్లు తుడుచుకున్నాడు. బురద పడిందని పక్కవాడికి చెప్పాడు. మళ్లీ తోశాడు. బండ రెండైంది. అలవాటు కొద్దీ రెండు తునకలనూ కొట్టి చెంప ఆనించాడు. రెండూ పలికాయి. కానీ తల్లి గొంతు పోయి పిల్లల గొంతులు వచ్చినట్టు, ముందుకన్నా సన్నగా పలికాయి.

మల్లేశ్ ట్రాలీలో తునకలను పరిచి, అవి కదలకుండా జంగప్ప వాటి మీదే కూర్చున్నాడు. ఎండ దంచుతోంది. తాండూరు దాటాక కంది చేలు కోసేసిన ఎర్రనేలలు, రోడ్డు మీద సిమెంటు లారీలు. గుంత వచ్చినప్పుడల్లా అతను రెండు చేతులూ బండ మీద గట్టిగా ఆనించేవాడు. బండ వణుకుతోందో చేతులు వణుకుతున్నాయో అతనికి తెలియలేదు. దగ్గు తెర వస్తే తల పక్కకు తిప్పి దగ్గాడు. వికారాబాద్ చేరేసరికి చొక్కా మీద పడిన తుంపరలు ఎండి గోధుమ రంగు మచ్చలయ్యాయి. పాన్ మరక అనుకోవచ్చు. మల్లేశ్ అలాగే అనుకున్నాడు.

ఫాంహౌస్ ఆమె పేరు ప్రణవి. పాతికేళ్లు దాటి చాలా కాలమైన మనిషి, నెమ్మది మాట, చెప్పుల్లేని కాళ్లు. లోపలికి రమ్మని గ్లాసు నిండా చల్లటి నీళ్లు ఇచ్చింది. సగం జంగప్ప చొక్కా మీద పడ్డాయి. ఆమె మర్యాదగా కిటికీ వైపు చూసింది.

గదిలో గోడలకు గుడ్డ తొడిగి ఉంది. రెండు మూలలా చెక్క స్పీకర్లు మనిషెత్తున నిలబడి ఉన్నాయి. వాచ్‌మన్ బీరన్న, మల్లేశ్, జంగప్ప కలిసి తునకలను మోసుకొచ్చి దించారు. ప్రణవి తునకల కింద రబ్బరు ముక్కలు పెట్టించి, స్పీకర్లను తునకల మీద నిలబెట్టించింది. మల్లేశ్ వేరే లోడు ఉందని ఆటో తీసుకుని వెళ్లిపోయాడు. అప్పుడు ఆమె పాట పెట్టింది.

ముందు డోలు మోగింది. ఆ తర్వాత ఒక ఆడగొంతు ఎత్తుకుంది. జంగప్ప ఎవరూ చెప్పకుండానే మోకాళ్ల మీద కూర్చుని బండ అంచుకు చెంప ఆనించాడు. డోలు దెబ్బ దవడలోకి దిగింది. ఆ వెనకే గొంతు కూడా వచ్చింది. పళ్లు, పుర్రె, వెన్ను వరకూ పాకింది. చచ్చిన వేళ్లకు దొరకనిదంతా ఎముకకు దొరికింది. సమాధి మీద వేసి ఉంటే సరిగ్గా ఇలాగే దిగేది ఆమె దాకా. తాను అనుకున్నది పిచ్చి కాదు, నిజమే. అతనికి కళ్లనీళ్లు తిరిగాయి. ఎంత దుఃఖంలోనూ మంచి బండ ఎంచానన్న గర్వం వదలలేదు. తలెత్తి ప్రణవి వైపు నవ్వుతూ చూశాడు.

ఆమె నవ్వడం లేదు. ఒక చెంచా తెచ్చి బండ మీద పెట్టింది. డోలు మోగినప్పుడల్లా చెంచా చిటచిటమని ఆడింది. పాట ఆపి, వంగి, బండను వేలితో కొట్టింది.

"అంకుల్, ఇది మోగుతోంది."

"అవునమ్మా! గింత పలికే బండ తాండూర్ల ఇంకోటి లేదు."

"అదే కదా సమస్య. పాట స్పీకర్లోంచి రావాలి, రాయిలోంచి రాకూడదు. నాకు పలకని రాయి కావాలి. కొడితే చప్పుడు అక్కడికక్కడే చచ్చిపోవాలి. లోపల పొరలు వదులుగా ఉన్నా పర్లేదు, అది ఇంకా మంచిది, అదురంతా మింగేస్తుంది. అలాంటిది లేదా మీ దగ్గర?"

జంగప్ప అబద్ధం చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు.

"ఉన్నదమ్మా."

"మరి అది వదిలేసి ఇది తెచ్చారేంటి?"

జవాబు ఉంది. చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. పొద్దున అంత తొందరపడిన నోరే అది. టీ బడ్డీ దగ్గర అందరి పిరుదుల కింద పడి ఉన్న బండే ఈమెకు కావలసింది. 'సరిపోతది' అంటే సరిపోయేది. నిజంగానే సరిపోయేది. నాగవ్వ బండను నాగవ్వకు కాకుండా చేసింది సేటు కాదు.

ప్రణవి చంద్రకాంత్‌కు ఫోన్ చేసి స్పీకరు ఆన్ చేసింది. ఆమె చెప్పింది విని అతను అటు నుంచి గట్టిగా అరిచాడు.

"జంగప్పా, నీ నోటితోనే గదనే అన్నవ్ మూగది పనికిరాదని? ఇన్నేండ్లసంది బండలు గొడ్తున్నవ్, ఏం నేర్చినవే? సారీ మేడం. ముసలోడు, చేతులైతే ఎప్పుడో పోయినయ్, ఇప్పుడు చెవులు గూడ పోయినట్టున్నయ్. ఆ ఇంకో బండ కోయిపిచ్చి పంపిస్త."

చేతులు పోయాయంటే జంగప్పకు పట్టింపు లేదు. చెవుల మాట దగ్గర మాత్రం చెంప మీద కొట్టినట్టు తల వాల్చాడు. అన్నీ పోయినా అదొక్కటి మిగిలిందనుకున్నాడు ఇన్నాళ్లూ.

ప్రణవికి జాలేసింది. "పర్లేదు అంకుల్, ఏమీ అనుకోకండి" అంది. అనుకోవడానికి అక్కడ ఎంత ఉందో ఆమెకు తెలియదు, పాపం. స్పీకర్లను దించేసి తునకలను బయట కొళాయి దగ్గర పెట్టమని బీరన్నకు చెప్పింది.

"అమ్మా, గీ తునకలు నాకు పనున్నయి. రేపు పొద్దుగాల ఆటో తెచ్చుకుని తీస్కపోత. ఇస్తరా?"

"అయ్యో, తప్పకుండా. నాకెందుకు అవి?"

ఎందుకు పనున్నాయో ఆమె అడగలేదు. అడిగితే చెప్పేవాడో లేదో. తన చేత్తో కోసిన సమాధి బండ అని చెప్పడానికి సిగ్గేసింది అతనికి.

వికారాబాద్ స్టేషన్‌లో బెంచీ మీద కూర్చుని, ప్రార్థన కోసం అప్పటికే ఇంటికి చేరిన కూతురికి ఫోన్ చేశాడు. పొద్దు గుంకుతోంది.

"బిడ్డా, బండ రెండు తునకలైంది."

"ఎవలు కోసిండ్రు?"

"నేనే."

"నాయినా!"

"ఏడ్వకు బిడ్డా. రెండు పక్కపక్కన పరిస్తే ఒక్కటే లెక్కుంటది. నడుమ సందుల జర సిమెంట్ పోస్త. రెండూ పలుకుతున్నయి, నేను కొట్టి జూసిన. చర్చి ఇడిసేలోపట తెస్త."

"ఇప్పుడు యాడున్నయి?"

"రైలొచ్చింది, ఇంటికొచ్చి చెప్త."

పెట్టె కిటకిటలాడుతోంది. ఎవరో జరిగి కిటికీ పక్కన చోటిచ్చారు. జంగప్ప చేతులు ఒళ్లో పెట్టుకుని తల కిటికీ చువ్వలకు ఆనించాడు. ధారూరు దగ్గర కళ్లు తెరిచి బయటికి చూశాడు. జాతర లేదు, గుడారాలు లేవు, తుమ్మచెట్లు మాత్రం ఉన్నాయి. ధారూరు దాటాక ఒకసారి దగ్గాడు. ఆ తర్వాత దగ్గలేదు.

రైలు నడిచినంతసేపూ అతని చేతులు ఒళ్లో ఆడుతూనే ఉన్నాయి. ఎదురుగా కూర్చున్న ఆవిడ వాటిని చూసి, పాపం ముసలాయనకు వణుకు రోగం ఉన్నట్టుందని అనుకుంది. తాండూరు వచ్చింది. దిగేవాళ్లు దిగారు, ఎక్కేవాళ్లు తోసుకుంటూ ఎక్కారు. ఆ తోపులాటలో అతని చేతులను ఎవరూ చూడలేదు. రైలు కదిలింది, చేతులూ కదిలాయి. కర్ణాటక సరిహద్దు దాటి సేడం స్టేషన్‌లో రైలు చాలాసేపు ఆగింది. అప్పుడు గానీ అవి ఆగిన సంగతి ఎవరికీ కనపడలేదు.

"అజ్జా, ఏళు అజ్జా, యావ ఊరు?" అని కన్నడంలో లేపుతూ, ఏ ఊరని అడుగుతూ పక్కనున్నతను భుజం కదిపాడు. చొక్కా జేబులో ఫోన్ అదురుతోంది. అటు నుంచి రెబెక్క.

ఆదివారం ప్రార్థన జరగలేదు. సేడం నుంచి శవం వచ్చాక సోమవారం నాగవ్వ పక్కనే గుంట తీశారు. చంద్రకాంత్ వచ్చాడు. నిజంగానే ఏడ్చాడు. నాయిన చెప్పిన రెండు తునకలు ఎక్కడున్నాయని రెబెక్క అడిగితే, "యాడ పెట్టిండో ఏమో బిడ్డా, నేను కనుక్కుంట" అన్నాడు. జంగప్ప వాటిని ఆటోలోనే వెనక్కి పంపి ఉంటాడని అతని లెక్క. కనుక్కుందామనే అనుకున్నాడు కూడా. మరుసటి వారం ఇద్దరికీ చెరొక బండ పంపించాడు, ఊరికే. రెబెక్క ఆ పలుచటి బండలను వేలి కణుపుతో కొట్టి చూసింది. బండలు మోసిన తల్లికి, కోసిన తండ్రికి పుట్టింది, ఆ మాత్రం తెలుసు. రెండూ డుబ్బుమన్నాయి. ఆమె వాటి మీదే తెల్లరంగుతో సిలువలు గీసింది. తొలకరికే నాగవ్వ మీద బండ పొర విడిచింది.

సంతోషమ్మ పొయ్యి పక్కనున్న మూగ బండ రెండై వికారాబాద్ చేరింది. ఆ గదిలో ఇప్పుడు పాట తప్ప ఇంకేదీ మోగదు. ప్రణవి చాలా సంతోషించి చంద్రకాంత్‌కు ఫోన్ చేసి మరీ చెప్పింది. ముసలాయన ఆటో తెచ్చుకుంటాడేమోనని కొన్నాళ్లు చూసింది. ఎవరూ రాలేదు. పాడుబడి ఉండటం ఎందుకని పాత తునకలను కొళాయి కింద ఇటుకల మీద పరిపించింది. చేత్తో రుద్దిన ఆ నున్నటి నీలి బండలు, బీరన్న వాటి మీద ఇనప బకెట్టు దించినప్పుడల్లా ఖంగుమని పలుకుతున్నాయి.